ట్యాంకులో పెట్రోలు ఉడికితే...

మే నెల. మిట్టమధ్యాహ్నం. గుట్ట మీదికి వెళ్లే రాళ్లబాటలో మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది బండి. సగం దూరం వెళ్లాక ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కిక్కు కొట్టినా, బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ట్యాంకు ఊపి చూస్తే పెట్రోలు ఉంది. ప్లగ్గు తీసి చూస్తే స్పార్కూ బాగానే వస్తోంది. విసిగిపోయిన కుర్రాడు చెట్టు నీడన కూలబడ్డాడు. అరగంట తర్వాత 'పోనీ, ఇంకోసారి చూద్దాం' అని కొడితే... ఏమీ జరగనట్టే స్టార్టయింది!

బండికి పట్టింది దెయ్యం కాదు, ఆవిరి. మెకానిక్కులు దాన్నే 'వేపర్ లాక్' అంటారు.

ఈ జబ్బు కొత్తదేమీ కాదు. అంబాసిడర్ కార్లు నడిపిన పాతతరం డ్రైవర్లను అడగండి, కథలు కథలుగా చెబుతారు. ఆ కార్లలో పెట్రోలు పంపు ఇంజినుకే బిగించి ఉండేది. ఎండాకాలం ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పంపు వేడెక్కిపోయి కారు మొరాయించేది. డ్రైవరు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, కాసేపు ఆగి మళ్లీ బయల్దేరేవాడు. ఆ తడిగుడ్డ వైద్యం వెనక ఉన్నది అచ్చమైన సైన్సే.

నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పెట్రోలు అలా కాదు. అది ఎన్నో పదార్థాల మిశ్రమం. వాటిలో తేలికైనవి 35 డిగ్రీలు దాటితే చాలు ఆవిరి కావడం మొదలెడతాయి. బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. ట్యాంకు నుంచి ఇంజినుకు వెళ్లే దారిలో పెట్రోలు బాగా వేడెక్కితే అందులో బుడగలు పుడతాయి. పంపు ఉన్నది ద్రవాన్ని తోయడానికి. మధ్యలో ఆవిరి చేరితే అది స్పాంజిలా నొక్కుకుపోతుందే తప్ప ముందుకు కదలదు. దాంతో ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజినుకు చుక్క అందదు. చల్లారితే ఆవిరి మళ్లీ పెట్రోలవుతుంది. అందుకే అరగంట తర్వాత బండి బుద్ధిగా స్టార్టవుతుంది.

మరి రోడ్డు మీద తిరిగే బండి కంటే కొండల్లో తిరిగే డర్ట్ బైకులకే ఈ బాధ ఎందుకెక్కువ? రోడ్డు మీద వేగంగా వెళ్తుంటే ఎదురుగాలి ఇంజిన్ని చల్లబరుస్తుంది. రాళ్లబాటలో వేగం ఉండదు. అస్తమానం క్లచ్ సగం పట్టి నడపాలి. ఇంజిను మాత్రం పూర్తి శక్తితో కష్టపడుతూనే ఉంటుంది. పైగా ఈ బండ్ల ట్యాంకులు చిన్నవి, సన్నవి. ఇంజినును ఆనుకుని కిందికి దిగి ఉంటాయి. రేడియేటర్ ఉంటే దాని వేడిగాలి కూడా సూటిగా ట్యాంకుకే తగులుతుంది. ఆ రేడియేటర్‌కి బురదో, ఎండుటాకులో అడ్డం పడితే ఇక చెప్పక్కర్లేదు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ మరో చిక్కు. లేహ్‌లో కుక్కర్ లేకుండా అన్నం సరిగా ఉడకదు. 3,500 మీటర్ల ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరిగిపోతాయి. పెట్రోలుకూ అదే సూత్రం. లద్దాఖ్ యాత్రకని హైదరాబాద్ నుంచి బయల్దేరే కుర్రాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చలి ఉంది కదా అనుకుంటారు గానీ, మొదటి గేరులో ఎక్కే ఇంజినుకు చలి అంతగా పట్టదు!

2020లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో చాలావరకు కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇందులో పైపులోని పెట్రోలు సుమారు 3 బార్ల ఒత్తిడిలో ఉంటుంది. ప్రెషర్ కుక్కర్లో నీళ్లలాగా అది తొందరగా మరగదు. అలాగని పూర్తిగా నిశ్చింత కాదు. పైపులో ఒత్తిడి ఉన్నా ట్యాంకులో అంత ఉండదు. అక్కడే పెట్రోలు ఉడికితే పంపు పీల్చేది బుడగలనే. ట్యాంకులోని పంపును చల్లగా ఉంచేది కూడా చుట్టూ ఉన్న పెట్రోలే. అడుగంటే దాకా నడిపితే ఆ కాస్తా ఇట్టే వేడెక్కిపోతుంది.

జాగ్రత్తలు పెద్ద ఖర్చయినవి కావు. కొండ ఎక్కే ముందు ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోవాలి. బండిని ఎండలో నిలపకూడదు. పెట్రోలు పైపు సైలెన్సర్‌కీ, సిలిండర్‌కీ తగలకుండా పక్కకు మళ్లించి, వేడి తగలని తొడుగు వేయించుకోవాలి. ట్యాంకు అడుగున మెరిసే హీట్‌షీల్డ్ రేకు అతికిస్తే చాలా తేడా ఉంటుంది. రేడియేటర్ కడిగి, కూలెంట్ చూసుకోవాలి. అదేపనిగా క్లచ్ మీద నడపకుండా మధ్యమధ్య ఇంజినుకు విశ్రాంతి ఇవ్వాలి.

ఇంకో సంగతి. అచ్చం ఇలాగే ఆపేసే దొంగ ఇంకొకటుంది. ట్యాంకులోకి గాలి వెళ్లే సన్నని రంధ్రం, లేదా మూత మీది గొట్టం బురదతో మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. చల్లని ఉదయం కూడా కొంతదూరం వెళ్లి బండి ఆగిపోతోందంటే అనుమానించాల్సింది ఆ రంధ్రాన్నే.

అన్నిటికంటే ముఖ్యమైంది చివర్లో. బండి ఆగగానే చాలామంది చేసే మొదటి పని, పెట్రోలుందో లేదో చూద్దామని మూత తీయడం. ట్యాంకు లోపలి నుంచి 'గుళగుళ' వినిపిస్తున్నా, మూత దగ్గర 'సుయ్' మంటున్నా ఆ పని అస్సలు చేయొద్దు. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీస్తే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇక్కడ ఎగజిమ్మేది పెట్రోలు. కిందనే కాగిన సైలెన్సర్. ఒక్క క్షణంలో మనిషీ బండీ మంటల్లో చిక్కుకోవచ్చు.

ఇంజిను ఆపి, బండిని నీడకు నెట్టి, ట్యాంకు మీదా పైపు మీదా తడిగుడ్డ వేయాలి. చెయ్యి పెడితే చల్లగా తగిలేదాకా ఆగాలి. ఆ తర్వాతే, మొహం పక్కకు పెట్టి, మూత మెల్లగా తిప్పాలి. అరగంట ఆలస్యమైతే కొండేమీ ఎక్కడికీ పోదు కదా!