దొర ఎక్కని బండి

ఆబిడ్స్‌లో సినిమా చూసి నాంపల్లి స్టేషన్ వైపు నడుస్తూ ఎప్పుడైనా ఆలోచించారా, ఈ ‘ఆబిడ్’ ఎవరని? ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా దుస్తులు చూసుకునే కొలువుకాడు ఆల్బర్ట్ ఆబిడ్. ఆయన పెట్టిన షాపు పేరే పేటకి పేరైంది.

నాంపల్లి స్టేషన్ కట్టింది 1907లో. అదే ఏడు ఇంగ్లండులో రోల్స్ రాయిస్ వారి ఆరు సిలిండర్ల కారుకి ‘సిల్వర్ ఘోస్ట్’ అని పేరు పడింది. 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి దడదడలాడేది. ఇదేమో చప్పుడు చెయ్యని వెండి దయ్యం!

మహబూబ్ పాషా ముచ్చటపడి ఒకటి ఆర్డరిచ్చాడు. బార్కర్ కంపెనీ బాడీ కట్టింది. పసుప్పచ్చ రంగు, వెనక సింహాసనంలాంటి ఎత్తు సీటు. తీరా బండి రాకముందే, 1911 ఆగస్టులో, పాషా కన్నుమూశాడు. బండి కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి దక్కింది. మొత్తం తిరిగింది 356 మైళ్ళేనంటారు. అంటే బెజవాడ వెళ్ళొచ్చినంత!

ఏళ్ళ తరబడి మూలపడిన దాన్ని బాగుచేయించి చౌమహల్లా పాలెస్‌లో నిలబెట్టారు. చూసి మురిశాను. నాతో వచ్చిన మెకానిక్ మాత్రం పెదవి విరిచాడు. “ఇంజను అప్పుడప్పుడూ తిప్పాలి సార్, లేకపోతే లోపల తుప్పే.” నడిపితే పాత సామాను అరిగిపోదూ అన్నాను. “అరిగితే చేసుకోవచ్చు. బిగుసుకుంటే?” అన్నాడు.

1958లో కిశోర్ కుమార్ అన్నదమ్ములు నవ్వించిన ‘చల్తీ కా నామ్ గాడీ’ గుర్తొచ్చింది. నడిచేదేగా బండి! కొలువుకాడి పేరు కండక్టర్ల నోట రోజూ నడుస్తూనే ఉంది. దొరగారి బండే ఆగిపోయింది.