సముద్ర స్నానం సరే, తలదాచుకునే చోటేదీ?

కార్తీకమాసం వచ్చిందంటే పల్నాటి నల్లరేగడి ఊళ్ళ నుంచి సముద్రానికి ట్రాక్టర్లు కదులుతాయి. తొట్టిలో అడుగున వరిగడ్డి, గడ్డి మీద పట్టా, పట్టా మీద ఇంటిల్లిపాది. ఒక మూల గిన్నెలు, గరిటెలు, పొయ్యి కట్టెలు, బియ్యం మూట. ముసలమ్మలు చెవులకు గుడ్డ కట్టుకుని ముడుచుకు కూర్చుంటారు. అర్ధరాత్రి దాటి బయలుదేరితే తెల్లవారుజాము మంచులో బాపట్ల దాటి, అక్కడి నుంచి 9 కిలోమీటర్లు పోయి సూర్యలంక చేరతారు. చీరాల చుట్టుపక్కల వాళ్ళు వాడరేవుకు, ఒంగోలు వాళ్ళు కొత్తపట్నానికి, సింగరాయకొండ వాళ్ళు పాకలకు వెళతారు. పౌర్ణమినాడు ఈ తీరాలలో ఇసుక కనిపించదు, తలలే కనిపిస్తాయి.

ట్రాక్టరు తొట్టిలో మనుషులను ఎక్కించడం చట్టరీత్యా తప్పు. ఆ సంగతి ఎక్కించేవారికీ తెలుసు, ఎక్కేవారికీ తెలుసు, దారిలో ఆపే పోలీసులకూ తెలుసు. వేళకు బస్సు దొరికితే చలిలో తొట్టి ఎక్కాలని ఎవరికీ సరదా ఉండదు.

మన రైతుకు, కూలీకి ఏడాది మొత్తం మీద ఊరు విడిచి నలుగురితో కలిసి గడిపే సెలవు ఇదొక్కటే అంటే అతిశయోక్తి కాదు. పత్తి మొదటి తీత, రెండో తీత మధ్య నాలుగు రోజులు ఊపిరి తిరుగుతుంది. మిరప తోట అప్పుడే పూత, పిందె మీద ఉంటుంది. సంక్రాంతి దాటితే కాయ కోత, కల్లాలలో ఎండబెట్టడం, తాలు ఏరడం, టిక్కీలు కట్టడం, గుంటూరు యార్డుకు తోలి ధర కోసం కాపలా కాయడం. ఇక ఎండాకాలం దాకా తల ఎత్తే పని లేదు. ఊటీ, కొడైకెనాలు మాట అటుంచి, మన రాష్ట్రంలోనే ఉన్న అరకు కూడా ఎక్కువమందికి సినిమాలో చూసిన ఊరే. చింతపల్లి దగ్గర లంబసింగిలో చలి సున్నా దగ్గరకు పడిపోయిందని పేపర్లో చదివి, పది పన్నెండేళ్ళుగా మన కుర్రకారు మోటారు సైకిళ్ళ మీద అక్కడికి పోయి గుడారాలలో పడుకుని వస్తున్నది. మంచిదే. కాని నడుము నొప్పితో ఉన్న తల్లి, చంటిబిడ్డతో ఉన్న కోడలు, పత్తి తీసే కూలి మనిషి వెళ్ళగలిగిన చలికాలపు విహారం ఈ సముద్రపు ఒడ్డే.

ఈ ఒడ్డున వారి కోసం ఏమున్నదని అడిగితే చెప్పుకోవడానికి సిగ్గు కలుగుతుంది.

సూర్యలంకలో పర్యాటక సంస్థ వారి హరిత విడిది ఉన్నది. వేటపాలెం దగ్గర రామాపురం తీరంలో ప్రైవేటు విడిది గృహాలు వెలిశాయి. కార్లలో వచ్చేవారికి అవి కావలసినవే, వాటిని తప్పుపట్టడం లేదు. అయితే అక్కడ ఒక రాత్రి గది అద్దె కూలి కుటుంబానికి కొన్ని రోజుల సంపాదన. పైగా ఇరవై ముప్ఫై మంది కలిసి వచ్చే బలగానికి ఇద్దరు పడుకునే గది ఎందుకు పనికివస్తుంది? వారికి కావలసింది ఒక పెద్ద హాలు, వర్షం కురవని కప్పు, వంటకు ఒక పంచ, ఒక బోరింగు, ఆడవారికి, మగవారికి వేరువేరు మరుగుదొడ్లు. చలికాలం తెల్లవారుజామున తడిబట్టలతో నీళ్ళలో నుంచి వచ్చిన ఆడవారు నలుగురు చుట్టూ చీరలు అడ్డం పట్టుకుంటే ఆ చాటున బట్టలు మార్చుకుంటున్నారు. వెలుగు వచ్చిన తరువాత అదీ కష్టమే. అందుకే చాలామంది తడిబట్టలతోనే తిరిగి తొట్టి ఎక్కుతారు. మరుగు కోసం సరుగుడు తోటలలోకి పోతారు. ఆ తోటలలోనే మరికాసేపటికి వనభోజనాలు. ఇంతకన్నా విడమరచి రాయనక్కరలేదు.

ముందురోజు సాయంత్రమే వచ్చి, రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి స్నానం చేసుకుని, నింపాదిగా వండుకు తిని పోగలిగితే అర్ధరాత్రి ప్రయాణాలు తప్పుతాయి. నిద్రలేని డ్రైవరుతో, పొగమంచులో, వెనుక ఎర్రదీపం కూడా లేని తొట్టిలో వెళ్ళే ప్రయాణం ఎటువంటిదో ప్రతి ఊరికీ తెలుసు. కనుక బస అన్నది విలాసం కాదు, ప్రాణానికి సంబంధించిన విషయం.

సముద్రం సంగతి సరేసరి. పౌర్ణమికి, అమావాస్యకు స్నానం పుణ్యమంటారు. సరిగ్గా ఆ రెండు తిథులలోనే పోటు, పాటు రెండూ ఎక్కువగా ఉంటాయి. సూర్యచంద్రుల ఆకర్షణ ఒకే వరుసలో కలిసి రావడం ఇందుకు కారణం. అంటే జనం ఎక్కువగా దిగే రోజునే సముద్రం కూడా ఎక్కువగా కదులుతుంది. చెరువులో, కాలువలో ఈత నేర్చినవాడు తనకు ఈత వచ్చుననుకుని లోపలికి పోతాడు. ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోపలికి పోవడానికి ఇసుకలో ఒక సందు చేసుకుంటుంది. ఆ సందులో అలలు విరగవు, పైకి నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. పిల్లలతో దిగడానికి అదే మంచిచోటని మనవాళ్ళు భ్రమపడతారు. అక్కడ అడుగుపెడితే లాక్కుపోతుంది. ఆ లాగుడుకు ఎదురీదితే ఎంత బలవంతుడైనా నిమిషాలలో అలసిపోతాడు. ఎదురీదకుండా నీటి మీద తేలుతూ, చేయి ఎత్తి కేకవేసి, ఒడ్డు వెంబడి పక్కకు ఈదితే లాగుడు వదులుతుంది. ఆ తరువాత అలలతో పాటు ఒడ్డుకు రావచ్చు. ఈ నాలుగు ముక్కలు పెద్ద అక్షరాలతో రాసిన బోర్డు తీరానికి వచ్చే ప్రతి దారి మొదటా ఉండవలసింది. చాలాచోట్ల ఉన్నది మాత్రం “లోతుకు వెళ్ళరాదు” అన్న ఒక్క ముక్కే. లోతు ఎక్కడో ఎవరు చెప్పాలి?

2024 జూన్‌లో రామాపురం తీరంలో యువకులు మునిగిపోయిన తరువాత పోలీసులు చీరాల వైపు తీరాలకు కొన్నాళ్ళు సందర్శకులను రానివ్వలేదు. ప్రమాదం జరిగిన తరువాత తీరం మూయడం, నెల తిరిగాక తెరవడం పరిష్కారం కాదు. గజ ఈతగాళ్ళను పౌర్ణమి ఒక్కరోజే గాక కార్తీకం నెల పొడుగునా, తరువాత ప్రతి ఆదివారమూ ఉంచాలి. ఇందుకు ఎక్కడినుంచో మనుషులను తేనక్కరలేదు. ఆ తీరపు మత్స్యకార యువకులకన్నా ఆ నీటిని ఎరిగినవారు లేరు. మునిగేవాడిని కాపాడి ఒడ్డుకు చేర్చేది ఇప్పుడు కూడా వాళ్ళే. జీతం మాత్రం లేదు.

ఇక కార్తీకానికి తోడుబోయిన మరొక చుట్టం తుపాను. 1977 నవంబరు 19న దివిసీమను ముంచి, రేపల్లె, నిజాంపట్నం వైపు ఊళ్ళను కూడా దెబ్బతీసిన ఉప్పెన కార్తీకంలోనే వచ్చింది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను కూడా కార్తీకం వెళ్ళకముందే వచ్చింది. ఆ తుపానుకు తీరంలో గుడిసెలు, పైన వరి, పత్తి, మిరప ఏమయ్యాయో మన పాఠకులకు చెప్పనవసరం లేదు.

1977 ఉప్పెన తరువాత తీరం పొడుగునా తుపాను ఆశ్రయాలు కట్టారు. 2011లో మొదలైన జాతీయ పథకం కింద మరికొన్ని వచ్చాయి. ఎత్తయిన స్తంభాల మీద గట్టి హాళ్ళు. ఏడాదిలో ఏ నాలుగు రోజులో వీటి అవసరం పడుతుంది. మిగతా రోజులు కొన్నిచోట్ల బడి నడుస్తుంది, కొన్నిచోట్ల తాళం వేలాడుతుంది. వాడని ఇంటికి మరమ్మతు ఉండదు. తలుపులు, కిటికీలు, మోటార్లు ఒక్కొక్కటే మాయమవుతాయి. తీరా తుపాను నాడు తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో వెతుక్కోవాలి.

ఈ రెండు అవసరాలను ఒక్కచోట కలపవచ్చునని మా అభిప్రాయం. సూర్యలంక, వాడరేవు, కొత్తపట్నం, పాకల ఈ నాలుగు చోట్ల తుపానుకు ఆశ్రయంగా, మంచిరోజులలో సత్రంగా పనికివచ్చే భవనం ఒక్కొక్కటి కట్టాలి. కింద స్తంభాల మధ్య వంటలకు, భోజనాలకు చోటు. పైన ఆడవారికి ఒక హాలు, మగవారికి ఒక హాలు. మంచాలు వద్దు, చాపలు చాలు. మనిషికి ఇంత అని స్వల్ప రుసుము పెట్టి, నిర్వహణ అక్కడి మత్స్యకార మహిళా సంఘాలకు అప్పగించాలి. ఆ డబ్బుతోనే సున్నం, తలుపులు, నీళ్ళ మోటారు బాగుంటాయి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున యాత్రికులు ఖాళీ చేసి వెనుదిరగాలి, తీరం ఊళ్ళవారికే మొదటి హక్కు. ఈ షరతు మొదటినుంచీ గోడమీద రాసి ఉండాలి, లేకపోతే తగాదాలు తప్పవు.

సత్రం మనకు కొత్త మాట కాదు. శ్రీశైలానికి నడిచిపోయే రోజుల నుంచి ఉన్నదే. చిత్రమేమంటే కొండకు పోయే భక్తుడికి పెద్దలు సత్రాలు కట్టించారు గాని, సముద్రానికి పోయే భక్తుడిని ఎవరూ పట్టించుకోలేదు. చీరాలకు దిగువన మోటుపల్లి రేవు ఉన్నది. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయ శాసనం వేయించాడు. తుపానుకు ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారనీ, ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టబోమనీ సముద్ర వర్తకులకు హామీ ఇచ్చాడు. పరదేశపు వర్తకుడికి అభయం దొరికిన తీరంలో పక్క తాలూకా రైతుకు ఒక రాత్రి నీడ దొరకకపోవడం ఏమి న్యాయం?

అమెరికాలో ఉన్న మన గుంటూరు, ఒంగోలు పిల్లలు క్రిస్మసు సెలవులకు మంచు కొండలకు, సముద్ర తీరపు పార్కులకు పోయి ఫొటోలు పంపుతుంటారు. అవి చూసి అవన్నీ కోటీశ్వరుల భవనాలని ఇక్కడి తల్లిదండ్రులు అనుకుంటారు. చాలామటుకు కాదు. 1933 నుంచి 1942 వరకు, అక్కడ పనులు లేక జనం అల్లాడిన కాలంలో, ప్రభుత్వం నిరుద్యోగ యువకులకు కూలి ఇచ్చి ఎన్నో పార్కులలో దారులు, రాతి పంచలు, కర్ర ఇళ్ళు కట్టించింది. వాటిలో చాలా ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. పడమటి తీరాన ఒరెగాన్ అనే రాష్ట్రం 1967లో ఇసుక తీరం అందరిదీ అని చట్టం చేసింది. అక్కడి తీరపు పార్కులలో చలికాలంలో బాడుగకు ఇచ్చేవి మంగోలియా పశువుల కాపరుల గుడారాల వంటి గుండ్రటి గుడారాలు. లోపల మంచం, చలి కాచుకునే యంత్రం. స్నానాల గది మాత్రం బయట, అందరికీ ఉమ్మడి. అంత సంపన్న దేశంలోనే ఉమ్మడి స్నానాల గది నామోషీ కానప్పుడు, మన అధికారులు విహారం అనగానే ఏసీ గదులు, గాజు తలుపులు తప్ప మరొకటి తలచుకోకపోవడం వింతగా ఉన్నది.

సముద్రపు ఒడ్డున ఏమీ కట్టరాదని నిబంధనలు ఉన్నాయని ఒక సమాధానం వస్తుంది. పక్కా భవనాల విషయంలో అది చాలావరకు నిజం, ఆ నిబంధన మంచిదే. అయితే 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నిబంధనలే అత్యధిక పోటు గీతకు 10 మీటర్ల ఆవల తాత్కాలికంగా మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు, తాగునీటి వసతి పెట్టుకోవడానికి వీలిచ్చాయి. సత్రాన్ని తీరానికి దూరంగా, ఊరిని ఆనుకుని కట్టవచ్చు. సరుగుడు తోటను కొట్టి మాత్రం కట్టకూడదు. గాలిని, ఎగిరే ఇసుకను ఆపేది ఆ తోటే. దాని నీడలోనే కదా మన వనభోజనాలు. ఒక గుంపు ఉసిరికొమ్మ పాతి పప్పు, పులిహోర వడ్డించుకుంటే, పక్క గుంపు చేపల వేపుడు చేస్తుంటుంది. తోట ఇద్దరికీ చోటిస్తుంది. తిన్న విస్తళ్ళు, ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే వదిలి రావడంలో కూడా, చెప్పక తప్పదు, ఇద్దరూ ఒకటే. ఆ విషయంలో ప్రభుత్వాన్ని తిట్టి లాభం లేదు.

మరొక చిక్కు కూడా ఉన్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. ట్రాక్టరు బయలుదేరే ఊరు పల్నాడు జిల్లాలో, స్నానం చేసే తీరం బాపట్ల జిల్లాలో. దారిలో ప్రమాదం జరిగితే ఒకరు, నీటిలో జరిగితే మరొకరు. వచ్చేవారు తమ జిల్లావారు కాదని బాపట్ల అధికారులు, తీరం తమది కాదని నరసరావుపేట అధికారులు అనుకోవడానికి వీలు దొరికింది. కార్తీకానికి నెలముందే ఈ జిల్లాల కలెక్టర్లు, ఎస్పీలు, ఆర్టీసీ డిపో మేనేజర్లు ఒకచోట కూర్చుని, ఏ రోజు ఏ ఊళ్ళ నుంచి ఎన్ని బస్సులో, ట్రాక్టర్లు ఎక్కడ ఆగాలో, ఏ తీరంలో ఎక్కడి నుంచి ఎక్కడి వరకు స్నానాలో తేల్చుకోవాలి. స్నానపు హద్దులకు ఎర్రజెండాలు పాతడానికి ఖర్చు ఏముంటుంది, వెదురు బొంగులే గదా!

సూర్యలంక తీరం అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకం కింద నిధులు మంజూరు చేసింది. ఆ పనులలో సత్రం ఉన్నదా అని బాపట్ల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ప్లాను చూసి ప్రజలకు చెప్పాలి. లేకపోతే చేర్పించాలి. పునాదులు పడి, గదులు లేచిన తరువాత అడిగితే మరో పథకం వచ్చేదాకా ఆగమంటారు. సత్రానికి ఏళ్ళు పట్టినా పట్టవచ్చు గాని, బట్టలు మార్చుకునే గదులకు, నాలుగు కుళాయిలకు, బోర్డులకు ఒక వేసవి చాలు. అవి మాత్రం వచ్చే కార్తీక పౌర్ణమికి ముందే కావాలి.