బీకాం తర్వాత ఏమిటి?



గోదావరిఖనిలో కామర్సు చదివే పిల్లవాడికి పెద్దలు చూపించే దారులు మూడే: బ్యాంకు పరీక్ష, గ్రూప్స్, సింగరేణి నోటిఫికేషన్. మూడూ మంచివే. కానీ 1990ల మొదట్లో లక్షకు పైగా కార్మికులున్న సింగరేణిలో ఇప్పుడున్నది దాదాపు 40 వేల మంది. నోటిఫికేషన్ కోసం మనం ఆగుతాం గానీ వయసు ఆగదు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటివాణ్ణి నేనే. ఏ చదువు దేనికి పనికొస్తుందో చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామందిదీ ఇదే పరిస్థితి. అందుకే నాలుగో దారి గురించి రాస్తున్నాను.

ఆ దారి పేరు షేర్డ్ సర్వీస్ సెంటర్లు. ఒక పెద్ద కంపెనీకి ఇరవై దేశాల్లో శాఖలున్నాయనుకోండి. ప్రతి శాఖలో లెక్కల విభాగం పెట్టే బదులు బిల్లులు, వసూళ్లు, జీతాలు, నెలాఖరు లెక్కలు ఒకేచోట చేయిస్తారు. జీఈ కంపెనీ 1997లో మన దేశంలో మొదలుపెట్టిన ఇలాంటి విభాగమే 2005లో జెన్‌ప్యాక్ట్ అయింది. ప్రపంచ బ్యాంకు 2001లో తన లెక్కల పని కొంత చెన్నైకి తెచ్చింది. విదేశీ కంపెనీలు సొంతంగా నడిపే కేంద్రాలు 2024 నాటికి దేశంలో 1,700 దాటాయి. హైదరాబాదులోనే మూడు వందలకు పైగా ఉన్నాయి. అన్నీ లెక్కల కోసమే కాదు గానీ, చాలావాటిలో ఫైనాన్స్ విభాగం ఉంటుంది.

మరి అక్కడ ఏం రావాలి? "టాలీ నేర్చుకుంటే చాలు" అనేవారితో నేను ఏకీభవించను. పద్దు ఎక్కించే పని ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేరే చేస్తున్నది. బిల్లు స్కాన్ చేస్తే అంకెలు అదే చదువుకుంటున్నది. తేడా ఎక్కడొచ్చింది, ఎందుకొచ్చింది అని కనిపెట్టే పనే మనిషికి మిగిలింది.

ఒక మెస్‌కు కందిపప్పు తెప్పించారనుకుందాం. ఇండెంటులో 50 కిలోలు, స్టాకు రిజిస్టరులో 45, బిల్లులో 50. బిల్లు చెల్లించాలా, ఆపాలా? ఎవరిని అడగాలి? ఈ మూడు కాగితాలను సరిచూడడాన్నే అక్కడ త్రీ వే మ్యాచ్ అంటారు. అలాగే నెల ముగిసింది, కరెంటు బిల్లు రాలేదు. అయినా ఆ ఖర్చు ఆ నెలదే. మనం ఇంటర్‌లో చెల్లించవలసిన ఖర్చులు అని చదివిందే అక్కడ అక్రూవల్స్.

అంటే విషయం మనకు తెలుసు, పేరు తెలియదు. ఆవర్జా అంటే లెడ్జర్, అంకణా అంటే ట్రయల్ బ్యాలెన్స్. తెలుగు మీడియం వాళ్లం ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే. ఒక నోటుబుక్కులో ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీషు మాట రాసుకుంటే నెలరోజుల్లో ఈ భయం పోతుంది.

రెండోది ఎక్సెల్. వీలుకప్, పైవట్ టేబుల్ చేతికి రావాలి. శాప్ కోర్సు కోసం మాత్రం అప్పుచేసి వేలకు వేలు కట్టకండి. తమ సాఫ్ట్‌వేర్‌ను చాలా కంపెనీలు చేరిన తర్వాత నేర్పుతాయి.

మూడోది మాట. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. మనకు అలవాటైన సెలవు చీటీ ఇంగ్లీషు అక్కడ పనికిరాదు. ఏ బిల్లు, ఎంత తేడా, మాకేం కావాలి, ఎప్పటిలోగా కావాలి అని నాలుగు చిన్న వాక్యాల్లో మర్యాదగా రాయగలగాలి. హాస్టల్ పిల్లలకు పెద్దవాళ్లను అడిగే అలవాటు తక్కువ. అణకువ మంచిదే. కానీ తేడా కనబడ్డా నోరు మెదపనివాడు అకౌంటెంటు కాలేడు.

ప్రైవేటు ఉద్యోగానికి భద్రత లేదు, రిజర్వేషన్ లేదు అని కొందరు అంటారు. నిజమే. దాని కోసం అడగాల్సిందే, పోరాడాల్సిందే. అంతవరకు మన తమ్ముడు ఆ ఇంటర్వ్యూ గది దాకా కూడా వెళ్లకపోతే నష్టం ఎవరికి? రాత్రి షిఫ్టు గురించి అమ్మానాన్నలు భయపడతారు. బొగ్గుబాయి మూడు షిఫ్టుల మధ్య పెరిగిన మనకు అది కొత్త కాదు. అయితే అమ్మాయిలు రాకపోకల సౌకర్యం, వసతి సంగతి ముందే అడిగి తెలుసుకోవాలి.

చివరగా ఒక విన్నపం. ప్రతి ఆదివారం రెండు గంటలు కామర్సు పిల్లలందరం కూర్చుందాం. వార్డెన్ సారు ఒప్పుకుంటే పాత బిల్లులు, రిజిస్టర్లు ముందర పెట్టుకొని సరిచూడడం నేర్చుకుందాం. ఒక గంట ఎక్సెల్, ఒక గంట ఇంగ్లీషు ఉత్తరాలు. ఉద్యోగాల్లో ఉన్న అన్నలు నెలకొక్కసారి వచ్చి నేర్పితే చాలు. చందా కన్నా మీ సమయమే మాకు పెద్ద సాయం. మొదటి ఆదివారం తరగతి చెప్పడానికి నేను సిద్ధం.

– ఎం.కాం. విద్యార్థి, గోదావరిఖని