కందకం తవ్వకుంటే కబురు కూడా పెట్టరా?

ఖమ్మం జిల్లా దాటి పాత వరంగల్ జిల్లాలోకి వస్తే మిరప తోటల్లో, పత్తి చేలల్లో, వరి గట్ల పక్కన అక్కడక్కడ హెచ్చరిక స్తంభాలు కనిపిస్తాయి. నేల కింద అధిక పీడనంతో గ్యాస్ పోతోంది, తవ్వొద్దని వాటి సారాంశం. పశ్చిమ గోదావరి జిల్లా కుంచనపల్లి దగ్గర బయల్దేరి రామగుండం ఎరువుల కర్మాగారం దాకా 365 కిలోమీటర్లు సాగే పైపులైన్ ఇది. మల్లవరం నుంచి భోపాల్ మీదుగా రాజస్థాన్‌లోని భిల్వాడా దాకా 1,800 కిలోమీటర్లకు పైగా లైన్ వేయడానికి పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు 2011లో జీఎస్‌పీఎల్ ఇండియా ట్రాన్స్‌కోకు అనుమతి ఇచ్చింది. అందులో మన వైపు పూర్తయిన ముక్క ఇదే.

ఈ లైన్ కింద భూమి పోయిన రైతు నిజానికి భూమి పోగొట్టుకోలేదు. పట్టా ఆయన పేరు మీదే ఉంటుంది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం కంపెనీకి దక్కేది వినియోగ హక్కు మాత్రమే. అయితే ఆ హక్కు వెళ్లిన మేర రైతు ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు కుంట తీయకూడదు, చెట్టు నాటకూడదు. పంట వేసుకోవచ్చు, అంతే. ఇందుకు చట్టం చెప్పిన పరిహారం భూమి మార్కెట్ విలువలో 10 శాతం, దాంతోపాటు పంట నష్టం. బోరు మీద బతికే తెలంగాణ మెట్ట రైతుకు బావి తవ్వకూడదన్న షరతు ఎంత బరువో ఢిల్లీలో చట్టం రాసినవాళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. వరంగల్ చుట్టుపక్కల ఎకరం ధర ఏటేటా మారుతున్న రోజుల్లో ఆ 10 శాతం లెక్క కూడా ఎంత చిన్నదో వేరే చెప్పనక్కర్లేదు.

అయినా ఆ చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. నోటిఫికేషన్ వెలువడ్డాక 21 రోజుల్లోపు రైతు అభ్యంతరం చెప్పుకోవచ్చు, అధికారి దాన్ని వినాలి. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. లైన్ ఒకసారి నేలలోకి దిగాక దాని సామర్థ్యం పెంచాలంటే కొత్త కందకం తవ్వాల్సిన పని చాలాసార్లు ఉండదు. దారిలో కంప్రెసర్ స్టేషన్ పెట్టి, అనుమతించిన హద్దులో పీడనం పెంచితే అదే గొట్టంలో ఎక్కువ గ్యాస్ పోతుంది. కొత్త భూమి అక్కర్లేదు కనుక కొత్త నోటీసు రాదు. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ చూస్తే, గ్యాస్ పైపులైన్‌కు ముందస్తు అనుమతి తప్పనిసరయ్యేది అది అభయారణ్యాలు, జాతీయ పార్కులు, సున్నిత ప్రాంతాల గుండా వెళ్లినప్పుడే. అంటే పాకాల, ఏటూరునాగారం అడవులకు అడ్డం పడితే విచారణ ఉంటుంది, మామూలు పొలాల గుండా వెళ్తే ఉండదు. తన చేను కింద ప్రవాహం రెట్టింపైనా రైతుకు ఎవరూ కబురు పెట్టరు.

సామర్థ్యం పెంపు అనే మాట ఇంజినీర్ల కాగితాల్లో ఒక అంకె మార్పులా కనిపిస్తుంది. ఆ అంకెను గట్టిగా పరీక్షించకపోతే ఏమవుతుందో తెలుగువాళ్లు ఇప్పటికే ఒకసారి చూశారు. కృష్ణా–గోదావరి బేసిన్‌లో కేజీ–డీ6 క్షేత్రం ఉత్పత్తి సామర్థ్యాన్ని రోజుకు 4 కోట్ల ఘనపు మీటర్ల నుంచి 8 కోట్లకు పెంచుతూ రిలయన్స్ ఇచ్చిన సవరించిన ప్రణాళికకు 2006లో ఆమోదం లభించింది. దాంతో ప్రాజెక్టు అంచనా వ్యయం 240 కోట్ల డాలర్ల నుంచి 880 కోట్ల డాలర్లకు చేరింది. 2009 ఏప్రిల్‌లో గ్యాస్ మొదలైంది. 2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చి, అక్కడి నుంచి జారిపోయింది. భూగర్భం అనుకున్నట్టు లేదని కంపెనీ చెప్పింది. చెప్పినన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం అంది. ఆ ఆమోదాల తీరును కాగ్ 2011 నివేదికలో తప్పుబట్టింది.

ఎవరి వాదన ఎంత నిజమైనా మోసింది జనమే. కేజీ బేసిన్ గ్యాస్‌ను నమ్మి వేమగిరి, జేగురుపాడు, కొండపల్లి, కోనసీమల్లో వేల కోట్లతో గ్యాస్ విద్యుత్ ప్లాంట్లు కట్టారు. 2013 నాటికి కేజీ–డీ6 నుంచి విద్యుత్ ప్లాంట్లకు గ్యాస్ ఆగిపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడేలు ప్రకటించిన రోజులు అవి. భోపాల్ దాకా పోవాల్సిన మల్లవరం లైన్ కూడా ఆ గ్యాస్ ఆశ మీద గీసిన గీతే. ఆశ కుంగాక లైన్ కూడా కుంచించుకుపోయి, రామగుండం దాకా వచ్చి ఆగింది.

ఇక డబ్బు సంగతి. గ్యాస్ పైపులైన్ రవాణా ఛార్జీని నియంత్రణ బోర్డే నిర్ణయిస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, పెట్టుబడి మీద పన్నులు పోగా 12 శాతం రాబడి వచ్చేలా మొత్తం ఖర్చు లెక్కగట్టి, ప్రవహించే గ్యాస్ పరిమాణంతో భాగిస్తారు. భాగించే అంకె చిన్నదైతే ఛార్జీ పెరుగుతుంది, పెద్దదైతే తగ్గుతుంది. కాబట్టి ఒక లైన్ సామర్థ్యం ఎంత, అందులో ఎంత వాడకం ఉందని లెక్క వేయాలన్న ప్రశ్న నేరుగా వినియోగదారుడి బిల్లుకు ముడిపడినది. 2023 ఏప్రిల్ 1 నుంచి దేశంలో ఏకీకృత టారిఫ్ అమల్లోకి వచ్చాక ఈ ముడి ఇంకా బిగిసింది. ప్రధాన లైన్లన్నిటినీ ఒకే గ్రిడ్‌గా లెక్కించి దూరాన్ని బట్టి మండలాలుగా విడగొట్టారు. మన లైన్ కూడా ఆ గ్రిడ్‌లో భాగమే. గుజరాత్‌లోనో మరోచోటో ఒక లైన్ సామర్థ్యాన్ని ఎక్కువ తక్కువగా లెక్కిస్తే ఆ ప్రభావం వరంగల్‌లో గ్యాస్ కొనేవాళ్ల మీదా పడుతుంది. 2018లో తొమ్మిదో విడత బిడ్డింగులో వరంగల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతానికి సిటీ గ్యాస్ అనుమతి మేఘా ఇంజినీరింగ్‌కు దక్కింది. వంటింటి పైపు, ఆటో సీఎన్‌జీ ఇక ఈ లెక్కల పరిధిలోవే.

ఈ గొలుసు రెండో కొస సముద్రం అవతల ఉంది. గెయిల్ సంస్థ 2011 డిసెంబరులో అమెరికాలోని సబీన్ పాస్ టెర్మినల్ నుంచి ఏటా 35 లక్షల టన్నుల ద్రవీకృత సహజవాయువు 20 ఏళ్ల పాటు కొనడానికి ఒప్పందం చేసుకుంది. మొదటి ఓడ 2018 మార్చిలో మహారాష్ట్రలోని దాభోల్ రేవుకు చేరింది. ఏటా సుమారు 3 కోట్ల టన్నులు ఎగుమతి చేయగల సబీన్ పాస్ టెర్మినల్‌కు మరో 2 కోట్ల టన్నుల దాకా కలపడానికి యాజమాన్యం 2024 ఫిబ్రవరిలో అక్కడి ఫెడరల్ నియంత్రణ సంస్థకు దరఖాస్తు పెట్టింది. అక్కడ గ్యాస్ ఎగుమతి ప్రజాప్రయోజనానికి విరుద్ధమా కాదా అన్నది 1938 నాటి సహజవాయు చట్టం కింద ఇంధన శాఖ తేల్చాలి. టెర్మినల్ భద్రత, స్థలం సంగతి నియంత్రణ సంస్థ చూడాలి. విస్తరణకు కూడా ఈ రెండు గుమ్మాలూ దాటాలి. దరఖాస్తు బహిరంగంగా ప్రకటిస్తారు, పక్క ఊరి మత్స్యకారుడైనా, దూరాన ఉన్న పరిశ్రమల సంఘమైనా కక్షిదారుగా చేరవచ్చు.

స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం లేని దేశాలకు కొత్త ఎగుమతి అనుమతులను 2024 జనవరిలో బైడెన్ ప్రభుత్వం ఆపింది. భారత్ ఆ జాబితాలోని దేశమే. అదే ఏడాది డిసెంబరులో ఇంధన శాఖ విడుదల చేసిన అధ్యయనం, హద్దులేని ఎగుమతులు 2050 నాటికి అమెరికాలో టోకు గ్యాస్ ధరను 30 శాతానికి పైగా పెంచవచ్చని లెక్కగట్టింది. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం వచ్చి నిలుపుదల ఎత్తేసింది. అక్కడి విధానం మచ్చలేనిదేమీ కాదు, గద్దె మారితే తీర్పు మారుతోంది. కానీ ఎగుమతి పెంచితే మా పొయ్యి మీద భారం ఎంత అని అక్కడి పౌరుడు అడిగితే జవాబు కోసం ప్రభుత్వమే అధ్యయనం చేయించింది. అదే గ్యాస్ ఇక్కడి గొట్టంలో పారితే మన నేల మీద, మన బిల్లు మీద భారం ఎంతని అడిగే వేదిక వరంగల్ రైతుకు లేదు. తేడా అక్కడుంది.

గ్యాస్ వద్దనడం ఈ వాదన ఉద్దేశం కాదు. రామగుండంలో 1999లో మూతపడ్డ పాత కర్మాగారం స్థానంలో కట్టిన కొత్త ప్లాంటు 2021 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. దాని సామర్థ్యం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా, ముడిసరుకు ఈ పైపులో వచ్చే గ్యాసే. 2025 వానాకాలంలో సాంకేతిక లోపాలతో ఆ ప్లాంటు ఆగిపోయి, దిగుమతులూ ఆలస్యమైనప్పుడు ఓరుగల్లు పల్లెల్లో రైతులు తెల్లవారకముందే సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి కాపు కాశారు. ఆ లైన్ విలువ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అడిగే హక్కు కూడా అందుకే ముందు వాళ్లది.

భద్రత విషయంలో ఉపేక్షకు చోటే లేదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైన్ పేలి 20 మందికి పైగా కాలిపోయారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరి చెట్లు బూడిదయ్యాయి. గ్యాస్ లీకవుతోందని ముందే చెప్పినా పట్టించుకోలేదని ఊరి జనం గోడు వెళ్లబోసుకున్నారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తేమ, ద్రవాలు కలిసిన గ్యాస్ పంపడంతో తుప్పు పట్టిందని ఆ తర్వాతి విచారణలో తేలింది. గొట్టం పాతదే, లోపల పారేది మారింది. ఊరికి మాత్రం ఎవరూ చెప్పలేదు. పాత లైన్‌లో కొత్త ప్రవాహం అన్న మాట వినగానే తెలుగు పాఠకుడికి గుర్తు రావాల్సింది నగరం గ్రామమే.

బోర్డు సాంకేతిక ప్రమాణాల్లోనే ఒక ముఖ్యమైన లెక్క ఉంది. లైన్‌కు రెండు పక్కలా 200 మీటర్ల మేర, సుమారు 1,600 మీటర్ల పొడవున ఎన్ని ఇళ్లున్నాయో లెక్కించి ఆ ప్రాంతానికి తరగతి నిర్ణయిస్తారు. ఇళ్లు పదికి మించకుంటే ఒకటో తరగతి, 46 లేదా అంతకంటే ఎక్కువుంటే మూడో తరగతి. తరగతి పెరిగే కొద్దీ గొట్టం మందం పెరగాలి, లేదా పీడనం తగ్గాలి. వరంగల్, హనుమకొండ చుట్టూ వెంచర్లు ఎంత వేగంగా పుట్టుకొస్తున్నాయో చూస్తున్నదే. లైన్ వేసిన నాడు చేనుగా ఉన్న చోట పదేళ్లలో కాలనీ లేస్తే తరగతి మారుతుంది. సామర్థ్యం పెంచాలన్న ప్రతిపాదన వచ్చిన ప్రతిసారీ ఈ లెక్కను మళ్లీ క్షేత్రంలో తీసి, ఫలితాన్ని పంచాయతీలో అతికించాలి. లేఅవుట్లకు అనుమతులిచ్చే సంస్థల దగ్గర పైపులైన్ పటం ఉండాలి.

విచారణలు పెడితే పనులు ఆలస్యమవుతాయని, గ్యాస్ వ్యవహారం సామాన్యులకు అర్థం కాదని ఒక వాదన వినిపిస్తుంది. రెండో మాటకు జవాబు హనుమకొండలోనే ఉంది. ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం ఇక్కడిదే, రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి టారిఫ్ మీద బహిరంగ విచారణలు ఈ ఊళ్లోనూ జరిపింది. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్, ఒరిగిన స్తంభం, రాత్రిపూట కరెంటు గురించి రైతులు తెలుగులో నిలదీశారు, అధికారులు తెలుగులో జవాబు చెప్పారు. క్రాస్ సబ్సిడీ, నష్టాల శాతం లాంటి కఠినమైన లెక్కలను రైతు సంఘాల నాయకులు అంకెలతో సహా ప్రశ్నించారు. ఆలస్యం మాటకొస్తే, 2003 విద్యుత్ చట్టం టారిఫ్ దరఖాస్తును 120 రోజుల్లో తేల్చమంటోంది. పర్యావరణ విచారణ నిబంధనలు 30 రోజుల ముందు నోటీసు ఇమ్మని, సభ సారాంశాన్ని స్థానిక భాషలో అక్కడికక్కడే చదివి వినిపించమని చెబుతున్నాయి. గడువు పెట్టుకుని వినడం సాధ్యమేనని ఇంతకంటే రుజువేం కావాలి?

గాలి మాత్రం అటు వీయడం లేదు. గతంలో 40 శాతం విస్తరణకు అనుమతి తెచ్చుకున్న బొగ్గు గనులు 50 శాతం దాకా వెళ్లడానికి మళ్లీ బహిరంగ విచారణ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2022 మేలో షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఓపెన్‌కాస్ట్ పేలుళ్లకు ఇళ్ల గోడలు బీటలు వారుతున్నాయని మొత్తుకునే బొగ్గు పల్లెలకు ఇది చిన్న మార్పు కాదు. విస్తరణ అంటే పాత ప్రాజెక్టు కొనసాగింపే అన్న ఆలోచన అన్ని శాఖల్లోనూ బలపడుతోంది. ప్రాజెక్టు పాతదే కావచ్చు, దాని పక్కన బతికేవాళ్లకు వచ్చే ముప్పు, మీద పడే ఖర్చు కొత్తవి.

పెట్రోలియం, సహజవాయు నియంత్రణ బోర్డు తన సంప్రదింపు పత్రాలను వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్‌లో పెట్టి, ఢిల్లీలో సమావేశాలు జరిపి ఊరుకోవడం ఇక చాలదు. పైపులైన్‌ను ఉమ్మడి వాహకంగా, అంటే ఇతరుల గ్యాస్‌నూ మోసే లైన్‌గా ప్రకటించే ముందు ప్రభావితులందరి అభ్యంతరాలూ పిలవాలని బోర్డు పుట్టిన 2006 చట్టమే చెబుతోంది. అదే పద్ధతిని సామర్థ్యం పెంపుకూ వర్తింపజేయడానికి ఒక నిబంధన సవరణ సరిపోతుంది. ప్రతిపాదన తెలుగు సారాంశం లైన్ వెళ్లే ప్రతి గ్రామ పంచాయతీకి చేరాలి. పీడనం ఎంత పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కడ పెడతారు, ఛార్జీ మీద ప్రభావం ఎంతన్నది అందులో ఉండాలి. హనుమకొండ కలెక్టరేట్‌లోనో ఖమ్మంలోనో కనీసం ఒక రోజు విచారణ జరగాలి. వచ్చిన ప్రతి అభ్యంతరానికీ కారణాలతో జవాబు రాసి తుది ఉత్తర్వుకు జతచేయాలి. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం, పెద్దపల్లి ఎంపీలు పార్టీలు పక్కన పెట్టి ఈ ఒక్క సవరణ కోసం పార్లమెంటులో అడగాలి. రామగుండం లైన్ ప్రవాహం పెంచే దరఖాస్తు బోర్డు ముందుకు వచ్చాక కాదు, రాకముందే.