మానిటరు కొనేముందు క్రారవడిని చూడండి

పనికీ ఆటలకూ సరిపోయే పెద్ద మానిటరు ఏదని అడిగేవారికి అంతర్జాలంలో సలహాలకు కొదవలేదు. ఆ సలహాలన్నీ ఒక్క ప్రశ్నను గాలికి వదిలేస్తాయి: ఆ తెరమీద చదవబోయేది ఏ లిపి? మనం తెలుగులో రాసుకునేవాళ్లం, తెలుగులో అచ్చుతప్పులు దిద్దుకునేవాళ్లం. మన బోంట్లకు తెర వైశాల్యం కన్నా దానిమీది చుక్కల సాంద్రత ముఖ్యమని నా దృఢాభిప్రాయం. అంగుళాలు చూసి డబ్బు పోసేవారిలో చాలామందికి ఆ డబ్బుకు తగిన అక్షరం దక్కడం లేదు.

కారణం మన లిపిలోనే ఉంది. రోమన్ అక్షరాన్ని అడ్డంగా అయిదు, నిలువుగా ఏడు చుక్కల గడిలో ఇమిడ్చివేయవచ్చు. పాతకాలపు డాట్ మేట్రిక్స్ తెరలు అలాగే నెట్టుకొచ్చాయి. అదే గడిలో 'రాష్ట్ర'లోని చివరి అక్షరాన్ని కూర్చోబెట్టి చూడండి. ష, దానికింద టవత్తు, ఆ రెంటినీ చుట్టుకొనే క్రారవడి, నెత్తిన తలకట్టు. ఇక ప-ఫ, ద-ధ జంటలలో తేడా అంతా కింద వేలాడే చిన్న గీతలోనే ఉంది. ఆ గీతకు చాలినన్ని చుక్కలు లేకపోతే చదివేవాడు సందర్భాన్నిబట్టి ఊహించుకుంటాడు. దిద్దేవాడికి ఆ వెసులుబాటు లేదు. తెలుగు వికీసోర్స్‌లో ఎడమవైపు టైపు చేసిన పాఠం, కుడివైపు పాత పుస్తకపు పుట బొమ్మ పెట్టుకొని పోల్చేవారికి ఈ బాధ బాగా తెలుసు. అక్కడ కన్ను దాటిపోయిన ఒక్క వత్తు, అచ్చుపుస్తకం శిథిలమైపోయాక, రేపటి పాఠకుడికి అసలు పాఠంగా మిగిలిపోతుంది.

తొలినాళ్ల మన అవస్థ గుర్తుందా? 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారి పోతన 2000 మరో ఊరట. కానీ 15 అంగుళాల ఎల్‌సీడీ తెరమీద 1024×768 చుక్కలంటే అంగుళానికి 85. అక్షరాల అంచులను నునుపుచేసే క్లియర్‌టైప్ ఎక్స్‌పీలో ఉన్నా, దాన్ని మనమే వెతికి పట్టుకొని వెలిగించుకోవాలి. ఫాంటు బాగాలేదని అప్పట్లో తిట్టుకున్న తిట్లలో సగం తెరకు చెందవలసినవి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 24 అంగుళాల 1920×1080 తెరకు అంగుళానికి 92 చుక్కలు. 32 అంగుళాల 2560×1440 తెరకూ దాదాపు అంతే, 92! అంటే ఎక్కువ సొమ్ము పోసి, బల్లంతా నింపుకొని, అదే అరిగిన వత్తును ఇంటికి తెచ్చుకుంటున్నామన్నమాట. 27 అంగుళాలలో అదే 1440 అయితే 109. 27 అంగుళాల 4కె, అనగా 3840×2160 అయితే 163. 32 అంగుళాల 4కె అయితే 138.

ఏది చాలు? దానికి దూరమూ తెలియాలి. మా సాలూరు లారీల ఊరు. ఒడిశా ఘాటీ ఎక్కే బళ్లమీద అక్షరాలు రాసే పెయింటరుకు ఈ శాస్త్రం ఎవరూ నేర్పనక్కరలేదు. తలుపుమీద యజమాని పేరు వేలెడు, వెనుక పలకమీద హెచ్చరిక జానెడు రాస్తాడు. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో అరవయ్యోవంతు తేడాను విడదీసి చూడగలదు. మనం కూర్చునే 60 సెంటీమీటర్ల దూరంలో అది సుమారు 0.17 మిల్లీమీటరు, అంటే అంగుళానికి 145 చుక్కలు. 27 అంగుళాల 4కె ఆ గీత దాటింది. 32 అంగుళాల 4కె ముందు కుర్చీ నాలుగు వేళ్లు వెనక్కి జరుపుకుంటే సరి. అక్షరాలు చీమల్లా ఉన్నాయని 4కె మీద చిరాకుపడేవారు స్కేలింగును 150 శాతానికి మార్చుకోవాలి. అప్పుడు 1440 తెరమీద పట్టినంతే పడుతుంది, గీతలు మాత్రం పదునెక్కుతాయి. మాక్ వాడేవారికి ఇది మరీ అవసరం. 2018లో వచ్చిన మొహావీ నుంచి ఆపిల్ ఉపచుక్కల నునుపును తీసివేసింది.

ఆటగాళ్ల ఆక్షేపణ న్యాయమైనదే. 4కె అంటే ప్రతి దృశ్యానికీ 83 లక్షల చుక్కలు, 1080 తెరకు నాలుగింతలు. గ్రాఫిక్స్ కార్డు ధర మానిటరు ధరను మించిపోతుంది. పోటీలకు దిగి తుపాకులు పేల్చేవారు 27 అంగుళాల 1440లో వేగమైనది కొనుక్కోవడమే మేలు. కానీ రోజుకు ఎనిమిది గంటలు అక్షరాలు, ఒక గంట ఆట అయినవారు ఆ ఒక్క గంట కోసం ఎనిమిది గంటలను బలిపెట్టనవసరం లేదు. 4కె తెరమీద ఆటను 1080లో నడిపితే ఒక్కో చుక్క సరిగ్గా నాలుగు చుక్కల చతురస్రంగా పరచుకోగలదు. డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ వంటి ఉపాయాలు ఇంకా అందంగా ఆ పని చేస్తాయి. 144 హెర్ట్జ్ కావాలంటే తీగ విషయంలో జాగ్రత్త: హెచ్‌డీఎంఐ 2.0 మీద 4కె 60 దగ్గరే ఆగిపోతుంది. 2.1 గానీ డిస్‌ప్లేపోర్ట్ 1.4 గానీ ఉండాలి.

ఓఎల్ఈడీ నలుపు చూస్తే ఎవరికైనా మనసు జారుతుంది. అయితే వాటిలో చాలావాటి ఉపచుక్కల అమరిక మామూలు ఎరుపు-ఆకుపచ్చ-నీలం వరసలో ఉండదు. సన్నని తలకట్టు అంచున రంగు చార కనబడుతుంది. పైగా కదలని టాస్క్‌బారు ఏళ్ల తరబడి నిలిస్తే దాని మచ్చ పడే ప్రమాదముంది. రాతపనికి నేను ఐపీఎస్ వైపే.

సాలూరులో ఉన్నవాడికి ఇవన్నీ ఎదురుగా వెలిగించి చూసుకోవాలంటే విశాఖ దాకా వందకు పైగా కిలోమీటర్లు. అక్కడా తెరలమీద సముద్రం, చిలుకలు, కార్లు పరుగెత్తుతుంటాయి, తెలుగు మాత్రం కనబడదు. కనుక ఒక పెన్‌డ్రైవులో సొంత పుట తీసుకుపోండి. పది పాయింట్ల అక్షరాలలో ఫలం-పలం, దధి, ఘటం-ఝషం, రాష్ట్రం, స్త్ర్యర్థం రాసుకొని, నూరు శాతం సైజులో తెరిపించి, ఇంట్లో కూర్చునేంత దూరంలో నిలబడి చదవండి. దుకాణంవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇంటికి తెప్పించుకునేవారు కొనకముందే వెలగని చుక్కల గురించిన షరతు చదవాలి. ఒక్క చుక్క చచ్చినంత మాత్రాన మార్చి ఇవ్వని కంపెనీలు ఉన్నాయి. ఆ చుక్క సరిగ్గా మీరు రోజూ చదివే చోటే ఉండవచ్చు.