సంపాదకుని మాట: ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

జపాన్ చరిత్ర అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది సమురాయ్. ఆ వీరధర్మానికి ప్రమాణంగా చాలామంది చూపించే ఇనాజో నితోబే ‘బుషిదో’ 1900లో వెలువడింది. అప్పటికే సమురాయ్ వర్గం ప్రత్యేక హక్కులన్నీ పోగొట్టుకుని ఇరవై ఏళ్లు దాటింది. పైగా నితోబే దాన్ని పాశ్చాత్యుల కోసం ఇంగ్లీషులో రాశారు. చదవండి, తప్పులేదు. కానీ పక్కనే కత్సు కోకిచి 1843లో రాసుకున్న ఆత్మకథ పెట్టుకోండి. ‘ముసుయిస్ స్టోరీ’ పేరుతో ఇంగ్లీషులో దొరుకుతుంది. ఈ సమురాయ్ చిన్నతనంలోనే ఇల్లు విడిచి పారిపోయి, దారిపొడవునా అడుక్కుతిన్నాడు. పెద్దయ్యాక కొలువు దొరక్క కత్తుల బేరాలు చేశాడు, వీధి తగాదాల్లో తలదూర్చాడు. ఆదర్శం ఒకటి, బతుకు ఒకటి!

తోకుగావా పాలన నుంచి ఆధునిక కాలం దాకా ఒక్కచోట చూడాలంటే మారియస్ జాన్సెన్ ‘ది మేకింగ్ ఆఫ్ మోడర్న్ జపాన్’ ఉంది. 1945 ఓటమి తర్వాతి ఆకలి, నల్లబజారు, కొత్త రాజ్యాంగం సంగతులకు జాన్ డోవర్ ‘ఎంబ్రేసింగ్ డిఫీట్’ చదవాలి.

ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం రాశారు? ఈ సంచికలోని పుస్తకాలను మేం ఎంచింది ఈ మూడు ప్రశ్నలతోనే. మీరూ అడిగి చూడండి, మీ జాబితా మాకు రాయండి.