90 రోజుల నిశ్చితార్థం

ఇంటర్వ్యూ అంటే పెళ్లిచూపుల్లాంటిదని మా ఆఫీసు క్యాంటీన్లో రోజుకొక్కరైనా అంటుంటారు. నాకైతే అది డేటింగ్‌కే దగ్గర అనిపిస్తుంది. పెళ్లిచూపులకి మధ్యలో ఒక పెద్దమనిషైనా ఉంటాడు, రేపు తేడా వస్తే వెళ్లి నిలదీయడానికి. ఇక్కడా కన్సల్టెన్సీ వాళ్లుంటారు గానీ, వాళ్లు కమిషన్ చేతిలో పడేదాకే చుట్టాలు.

మొదటి మెసేజే చూడండి. 'మీ ప్రొఫైల్ మాకు బాగా నచ్చింది' అని లింక్డిన్‌లో వస్తుంది. నేనేమో జావా వాణ్ణి, కింద చూస్తే వాళ్లకి కావలసింది శాప్. అంటే అదే మెసేజ్ ఇంకో వందమందికి వెళ్లిందన్నమాట. మనం మాత్రం తక్కువ తిన్నామా? 'మీ ప్రొడక్ట్ అంటే నాకు మొదట్నుంచీ ఇష్టమండీ' అంటాం. ఆ ప్రొడక్ట్ ఏమిటో ఆ పొద్దున్నే గూగుల్లో చూసి ఉంటాం. పాత కంపెనీ ఎందుకు వదులుతున్నారంటే మేనేజర్ సంగతి ఎత్తకూడదు. పాత స్నేహాన్ని తిట్టేవాణ్ణి కొత్త స్నేహం నమ్మదు. వాళ్లేమో 'మా దగ్గర వర్క్ లైఫ్ బ్యాలెన్స్ చాలా బాగుంటుంది' అంటారు, రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసులోంచే కాల్ మాట్లాడుతూ. పోనీలెండి, ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలేసుకునే వస్తారు. ఈ మాత్రం నటనకి నాకేం అభ్యంతరం లేదు.

నా గొడవంతా ఇద్దరూ సరే అనుకున్నాక మొదలయ్యే 90 రోజుల గురించి.

అమెరికాలో ఉద్యోగం మానేసేవాళ్లు రెండు వారాల ముందు చెప్తే మర్యాదగా చెప్పినట్టే. మన దగ్గర చాలా ఐటీ కంపెనీల్లో నోటీస్ పీరియడ్ 90 రోజులు. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు గానీ, హెచ్‌ఆర్ ఆపగలదు. రిలీవింగ్ లెటర్ వాళ్ల చేతిలో ఉంది కదా! మనుషులు జారిపోకుండా ఎవరి కంపెనీకి వాళ్లు వేసుకున్న గడియ ఇది. దాని ఫలితం చూడండి. చేతిలో ఆఫర్, ముందు మూడు నెలల ఖాళీ. నౌక్రీలో 'నోటీస్‌లో ఉన్నాను' అని మార్చగానే, ఆర్నెల్లుగా మోగని ఫోన్ రోజంతా మోగుతుంది. తాంబూలాలు పుచ్చుకున్నాకే సంబంధాలు ఎక్కువొస్తాయి! 2022లో మన పెద్ద ఐటీ కంపెనీల్లో వలసలు 20 శాతం దాటినప్పుడు, నాతో చదువుకున్న ఒకడు నాలుగు ఆఫర్లు జేబులో పెట్టుకుని ఎక్కడ చేరాలో ఆఖరి రోజు తేల్చుకున్నాడు. వాణ్ణి నమ్మకద్రోహి అనడం తేలిక. ఆ తొంభై రోజులూ వాడికి ఇచ్చిందెవరు మరి?

1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అని ఇద్దరు లెక్కల మాస్టార్లు కాలేజీ సీట్ల మీదా పెళ్లిళ్ల మీదా కలిపి ఒక పేపర్ రాశారు. అందులో అబ్బాయిలు తమకి నచ్చిన వరసలో వెళ్లి అడుగుతారు. అమ్మాయి వచ్చినవాళ్లలో నచ్చినవాణ్ణి 'ఉండు, చూద్దాం' అని పక్కన పెడుతుంది. ఇంకా మంచివాడొస్తే మొదటివాణ్ణి పంపేస్తుంది. అలా సాగి, చివరికి ఎవరూ జోడీ వదిలేసి లేచిపోవాల్సిన అవసరం లేని స్థితికొస్తుంది. 2012లో షాప్లీకి అర్థశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. మన తొంభై రోజుల వ్యవహారం కూడా ఇంచుమించు ఇదే. తేడా ఒక్కటుంది. వాళ్ల లెక్కలో 'ఉండు, చూద్దాం' అనిపించుకున్నవాడు ఉన్న ఇల్లు ఖాళీ చేసి రోడ్డు మీద నిలబడక్కర్లేదు. మనవాడు ముందు రిజైన్ చెయ్యాలి.

కేపీహెచ్‌బీలో నా రూమ్మేట్ ఒకడు అలాగే చేశాడు. నికార్సైన మనిషి. మాటిచ్చాను కదా అని తర్వాతొచ్చిన రెండు ఆఫర్లూ కాదన్నాడు. రిజైన్ చేసిన 81వ రోజున మెయిల్ వచ్చింది, 'పొజిషన్ హోల్డ్‌లో పెట్టాం' అని రెండే లైన్లు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పాత మేనేజర్ని అడిగితే వాడి సీట్లోకి అప్పటికే మనిషొచ్చేశాడు. తర్వాత నాలుగు నెలలు వాడు ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే బ్యాగ్ తగిలించుకుని అమీర్‌పేటలో లైబ్రరీకి వెళ్లేవాడు, వీడియో కాల్లో వాళ్లమ్మకి ఏదో బిల్డింగ్ కనపడాలని. ఈఎంఐ మేమందరం తలా కాస్తా వేసుకుని కట్టాం. ఆ కంపెనీకి పోయింది ఒక మెయిల్.

అబ్బాయి ఆఖరి రోజు హ్యాండిచ్చినా కంపెనీకి నష్టమే, కాదనను. ప్రాజెక్ట్ ఆగుతుంది, క్లయింట్ అరుస్తాడు. కానీ కంపెనీకి అద్దె కట్టడం ఆగదు. డేటింగ్‌తో పోలిక నాకు ఇక్కడే తెగిపోతుంది.

ఏడాదిగా నేను కూడా ప్యానెల్లో కూర్చుంటున్నాను. మా హెచ్‌ఆర్‌తో రోజూ ఒకటే పేచీ, కాదన్నవాళ్లకి కాదని చెప్పండి అని. 'చెప్తే ఎందుకని అడుగుతారండీ' అంటుంది ఆవిడ. అడగనివ్వండి. తేల్చి చెప్తే ఆ మనిషి రెండో ఆఫర్ వదులుకోకుండా ఉంటాడు.

మొన్న ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయిని చివర్లో ఏమైనా అడుగుతారా అంటే, 'ఈ సీట్లో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారండీ?' అంది. మూడు వారాలకోసారి రాత్రిళ్లు ఆన్‌కాల్ ఉంటుందని, అది పడక వెళ్లాడని చెప్పాను. పక్కనున్న మేనేజర్ నా వైపు అదోలా చూశాడు. ఆ అమ్మాయి రాసుకుంది. ఆఫర్ తీసుకుంది కూడా.

ప్రస్తుతం నోటీస్‌లో ఉంది, ఇంకా 41 రోజులు. ప్రతి సోమవారం మా హెచ్‌ఆర్ ఫోన్ చేసి క్షేమసమాచారాలు కనుక్కుంటోంది. రోజూ ఎన్ని ఫోన్లు వస్తున్నాయని మాత్రం అడగట్లేదు.